మీడియం ఫార్మాట్ ఫోటోల్లో అంతుచిక్కని నల్లటి నీడలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో ఈమధ్య తాతల నాటి యాషికా కెమెరాలు బీరువాల్లోంచి బయటికొస్తున్నాయి. మూతపడిన స్టూడియోల మమియాలు, ఎవరో విదేశాల నుంచి తెచ్చిన హాసెల్‌బ్లాడ్‌లు చేతులు మారుతున్నాయి. వీటిలో వాడే, 35 ఎంఎం కంటే వెడల్పైన 120 ఫిల్ము (మీడియం ఫార్మాట్ అంటే ఇదే) ధర ఎలా ఉందో కొనేవాళ్లకు చెప్పక్కర్లేదు. 6×6 సైజులో రోలుకు 12 ఫోటోలు, 6×7లో 10. అందులో సగానికి ఒక పక్క నల్లగా వస్తే టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? ఈ కెమెరాలు విప్పడం తెలిసిన మెకానిక్ దగ్గర్లో దొరకడం కష్టం కాబట్టి చాలామంది వెంటనే హైదరాబాద్‌కో చెన్నైకో పార్శిల్ కట్టేస్తారు. నెలరోజులు ఆగాక "కెమెరాలో ఏ లోపమూ లేదు" అని తిరిగొస్తుంది. పార్శిల్ కట్టకముందు ఇంట్లోనే తేల్చుకోగలిగినవి చాలా ఉన్నాయి. అవే ఇక్కడ రాస్తున్నాను.

ఫోటోలో ఒక పక్క నల్లగా వచ్చింది. మొట్టమొదట ఏం చూడాలి?

నెగటివ్ చూడండి. స్కాన్ కాదు, ప్రింట్ కాదు, ల్యాబ్ వాళ్లు వాట్సాప్‌లో పంపిన ఫోటో అసలే కాదు. నెగటివ్‌ను లైట్ ప్యానెల్ మీదో, కిటికీలో తెల్లటి ఆకాశానికి ఎదురుగానో పట్టుకుని, ఫోటోలో నల్లగా ఉన్న చోటు అక్కడ ఎలా ఉందో చూడాలి.

అక్కడ నెగటివ్ పల్చగా, దాదాపు ఖాళీగా ఉంటే రెండే కారణాలు. ఆ చోటికి వెలుతురు చేరలేదు, లేదా చేరినా అక్కడ డెవలపర్ (ఫిల్ము మీద బొమ్మను బయటికి తెచ్చే రసాయనం) సరిగ్గా పనిచేయలేదు. నెగటివ్ శుభ్రంగా, అన్ని చోట్లా సమానంగా ఉంటే తప్పు స్కానింగ్‌లోనో ప్రింటింగ్‌లోనో ఉంది. కెమెరాను వదిలేయండి.

మూడోది చాలామందిని తికమక పెడుతుంది. నెగటివ్‌లో ఒక చోట చిక్కటి నలుపు ఉంటే అది వెలుతురు దొంగతనంగా దూరిన చోటు. ఫోటోలో అది తెల్లగానో, మసక వెలుగుగానో కనిపిస్తుంది. "లైట్ లీక్ వల్ల ఫోటోలో నల్ల మచ్చ వస్తోంది, ఫోమ్ సీల్స్ మార్పించాలా?" అని అడుగుతుంటారు. నెగటివ్ ఫిల్ములో లైట్ లీక్ ఫోటోను నల్లబరచదు. వెలుతురు దూరకుండా మూత అంచుల్లో అంటించే ఆ మెత్తటి సీల్స్ మార్చుకుంటే నష్టం లేదు గానీ నల్ల మచ్చ మాత్రం పోదు. స్లైడ్ ఫిల్ము వాడేవాళ్లకు ఈ గొడవే లేదు. అందులో చూసిందే చూసినట్టు: వెలుతురు చేరని చోటు నలుపు, లీకైన చోటు తెలుపు.

నెగటివ్‌లోనే పల్చగా ఉంది. తప్పు కెమెరాదా, ఫిల్ము కడగడంలోదా?

ఫ్రేముల మధ్య ఖాళీని, ఫిల్ము పొడవునా ఉండే అంచులను చూడండి. కెమెరాలో ఏదైనా అడ్డొస్తే దాని నీడ ఫ్రేమ్ లోపలే ఉంటుంది, గేటు (ఫిల్ముకు ముందుండే ఫ్రేమ్ సైజు కిటికీ) దాటి బయటికి రాలేదు. డెవలపర్‌కు ఫ్రేమ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. కడగడంలో జరిగిన తప్పు హద్దు దాటి పక్క ఫ్రేములోకి వెళ్తుంది, ఒక్కోసారి అంచు మీద కంపెనీ ముద్రించిన అక్షరాలు, అంకెలు కూడా ఆ చోట వెలిసినట్టు కనిపిస్తాయి. ఆ అక్షరాలు మంచి సాక్ష్యం. అవి ఫ్యాక్టరీలోనే వెలుతురుతో ముద్రించినవి, మీ కెమెరాతో వాటికి సంబంధం లేదు. మొదటి నుంచి చివరి దాకా అవి ఒకేలా చిక్కగా ఉంటే కడగడం బాగానే జరిగిందని ధైర్యంగా అనుకోవచ్చు.

రెండో సంగతి, నీడ అంచు. గీత గీసినట్టు పదునుగా ఉంటే అడ్డొచ్చిన వస్తువు ఫిల్ముకు బాగా దగ్గర్లో ఉంది: డార్క్‌స్లైడ్ (విడదీయగలిగే ఫిల్ము డబ్బాకు ముందు అడ్డుపెట్టే పల్చటి రేకు), షట్టర్ తెర, గేటులో ఇరుక్కున్న కాగితం ముక్క. అంచు మసకగా కరిగిపోతూ ఉంటే అడ్డు ఫిల్ముకు దూరంగా, లెన్సు దరిదాపుల్లో ఉంది. అద్దం, బెల్లోస్ (లెన్సుకూ బాడీకీ మధ్య ఉండే మడతల గొట్టం) లాంటివి మధ్యలో ఉంటాయి కాబట్టి వాటి నీడ అంచు కూడా మధ్యస్థంగానే ఉంటుంది.

మూడోది, ప్రతి ఫ్రేములోనూ అదే చోట వస్తోందా అనేది. వస్తుంటే కెమెరాలో ఏదో స్థిరంగా అడ్డుంది. కొన్నిట్లోనే వస్తుంటే ఆ కొన్నిటికి ఏ స్పీడు, ఏ లెన్సు, ఏ మ్యాగజైన్ (కెమెరా వెనక తగిలించే ఫిల్ము డబ్బా) వాడారో గుర్తు తెచ్చుకోవాలి. అందుకే ఫోటో తీసేటప్పుడు చిన్న పుస్తకంలో రాసుకునే అలవాటు ఉన్నవాళ్లకు పని సగం తగ్గుతుంది.

నీడ ఫోటోలో కింద ఉంది. కెమెరాలో కూడా కిందనే వెతకాలా?

అడ్డు లెన్సుకు ముందుందా, వెనకుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. లెన్సు ఫిల్ము మీద బొమ్మను తలకిందులు చేస్తుంది. లెన్సుకు ముందు కింది వైపున వేలు అడ్డొస్తే, ఫోటో సరిగ్గా నిలబెట్టి చూసినప్పుడు అదీ కిందే కనిపిస్తుంది. లెన్సు వెనక, కెమెరా లోపల పైభాగంలో ఏదైనా వేలాడితే మాత్రం దాని నీడ ఫోటోలో కింది వైపు వస్తుంది.

సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్‌లో (ఒకే లెన్సులోంచి అద్దం ద్వారా చూసి, దాంతోనే ఫోటో తీసే కెమెరాలో) అద్దం సరిగ్గా పైకి లేవకపోతే ఇదే జరుగుతుంది. అద్దం కీలు పైన, వెనక వైపు ఉంటుంది. పాత గ్రీజు బిగిసిపోయి అద్దం నెమ్మదిగా లేస్తే షట్టర్ తెరుచుకునే సమయానికి అది ఇంకా దారిలోనే ఉంటుంది. ఫోటోలో ఆకాశం బాగుండి నేల భాగం క్రమంగా నల్లబడుతుంది. అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచే మీట మీ కెమెరాలో ఉంటే కొన్ని ఫోటోలు అలా తీయండి. నీడ మాయమైతే దొంగ దొరికినట్టే.

హాసెల్‌బ్లాడ్ 500లో పైనో కిందో అడ్డంగా నల్ల పట్టీ వస్తోంది. ఎందుకు?

ఈ కెమెరాలో అసలు షట్టర్ లెన్సులో ఉంటుంది. కానీ బాడీ వెనక, ఫిల్ముకు ముందు పైనొకటి కిందొకటి రెండు రెక్కల తలుపులు ఉంటాయి. బటన్ నొక్కగానే అద్దం లేవాలి, ఈ రెక్కలు తెరుచుకోవాలి, ఆ తర్వాత లెన్సులో షట్టర్ పనిచేయాలి. రెక్కల్లో ఒకటి బద్ధకించినా, పూర్తిగా తెరుచుకోకపోయినా ఆ వైపు పట్టీ పడుతుంది. 500సి 1957లో వచ్చింది. ఇప్పుడు మన చేతుల్లో తిరుగుతున్న బాడీలు ఎన్నిసార్లు సర్వీసయ్యాయో, అసలు అయ్యాయో లేదో ఎవరికీ తెలియదు.

చూడటం తేలిక. మ్యాగజైన్ తీసేయండి. లెన్సు స్పీడ్ బి (బటన్ నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉండేది) మీద పెట్టి, కెమెరాను వెలుతురు వైపు తిప్పి, బటన్ నొక్కి పట్టుకుని వెనక నుంచి చూడండి. రెండు రెక్కలూ గోడకు పూర్తిగా ఆనుకోవాలి. బి మీద బాగున్నా హై స్పీడులో ఆలస్యం కావచ్చు. 1/500 దగ్గర కూడా వెనక నుంచి చూస్తూ కొన్నిసార్లు నొక్కండి. కంటికి మెరుపులా కనిపించే ఆ వెలుగు నిండు చతురస్రంగా ఉందా, పైనో కిందో కోసుకుపోయిందా అన్నది తెలుస్తుంది.

ఇంకో కారణం మన వేలే. 1/8, 1/2, 1 సెకను లాంటి స్లో స్పీడుల్లో షట్టర్ మూసుకునే దాకా బటన్ వదలకూడదు. ముందే వదిలితే వెనక రెక్కలు మూసుకుని ఎక్స్‌పోజర్‌ను మధ్యలో ఆపేస్తాయి. రామతీర్థం గుడి లోపలి మండపంలో ట్రైపాడ్ పెట్టి తీసిన ఫోటోలు మాత్రమే చీకటిగా వచ్చి, బయట ఎండలో తీసినవన్నీ బాగుంటే కేబుల్ రిలీజ్ (బటన్‌ను నొక్కి పట్టుకోవడానికి తగిలించే తీగ) కొనండి. రిపేరు అక్కర్లేదు.

ఒక పక్కన గీత గీసినట్టు ఫ్రేమ్ ఖాళీ. కెమెరా కొత్తగా కొన్నాను.

డార్క్‌స్లైడ్ పూర్తిగా బయటికి రాలేదు.

సిరిమానోత్సవంలో ఫ్లాష్‌తో తీసిన ఫోటోలన్నిట్లో ఒక పక్క నిలువుగా నల్ల పట్టీ. ఫ్లాష్ పాడైందా?

పెంటాక్స్ 67, కీవ్ 88, మమియా 645 లాంటి కెమెరాల్లో షట్టర్ ఫిల్ము ముందే రెండు తెరలుగా ఉంటుంది. మొదటి తెర తెరుస్తూ పోతుంది, రెండోది వెనకే మూస్తూ వస్తుంది. స్పీడు పెరిగేకొద్దీ రెండిటి మధ్య సందు సన్నబడుతుంది. ఫ్రేమ్ మొత్తం ఒకేసారి తెరిచి ఉండే అత్యధిక స్పీడు ఫ్లాష్‌కు హద్దు. ఈ పెద్ద తెరల కెమెరాల్లో ఆ హద్దు చాలా తక్కువ: పెంటాక్స్ 67లో, కీవ్ 88లో 1/30, మమియా 645లో 1/60. మూడు లాంతర్ల దగ్గర జనం తోపులాటలో, సిరిమాను మీద కూర్చున్న పూజారి గారు కదలకుండా రావాలని 1/125 పెట్టి ఉంటారు. ఫ్లాష్ వెలిగిన క్షణానికి ఒక తెర ఫ్రేమును సగం కప్పేసి ఉంది. ఫ్లాష్ తప్పేం లేదు.

పట్టీలో పూర్తి నలుపు కాకుండా మసకగా మనుషులు కనిపిస్తే అది సాయంత్రపు సహజ వెలుగు. దాన్ని బట్టి కూడా ఇది సింక్ (ఫ్లాష్, షట్టర్ ఒకే క్షణంలో కలవడం) సమస్యేనని చెప్పొచ్చు. తెర పక్కకు నడిచే కెమెరాల్లో పట్టీ నిలువుగా వస్తుంది, మమియా 645లో తెర నిలువుగా నడుస్తుంది కాబట్టి అడ్డంగా వస్తుంది. హాసెల్‌బ్లాడ్ 500, మమియా ఆర్‌బి67, యాషికా మ్యాట్‌లాంటి, లెన్సులోనే షట్టర్ ఉన్న కెమెరాలకు ఈ ఇబ్బంది లేదు. వాటిలో ఏ స్పీడులోనైనా ఫ్లాష్ కొట్టవచ్చు. అమ్మవారి పండక్కి కెమెరా ఎంచుకునే వీలుంటే నేను ఆ జాతినే ఎంచుకుంటాను.

ఫ్లాష్ లేకుండానే, మిట్టమధ్యాహ్నం 1/1000లో తీసినా ఒక వైపు నల్లబడుతోంది.

ఇక్కడ పట్టీకి స్పష్టమైన అంచు ఉండదు, ఒక వైపు నుంచి రెండో వైపుకు మెల్లగా చీకటవుతుంది. మొదటి తెర వేగం తగ్గి, రెండోది దాన్ని అందుకుంటోందన్నమాట. సందు మూసుకుపోతున్నకొద్దీ ఆ వైపు వెలుతురు తగ్గుతుంది. దీన్ని తేల్చడానికి మబ్బు పట్టిన ఆకాశాన్ని 1/1000 ఎఫ్ 4, 1/500 ఎఫ్ 5.6, 1/250 ఎఫ్ 8, 1/125 ఎఫ్ 11 (ఎఫ్ అంటే లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది) ఇలా ఒకే ఎక్స్‌పోజర్‌తో వరుసగా తీయండి. స్పీడు తగ్గేకొద్దీ నీడ తగ్గితే తెరలకు సర్వీసు కావాలి. సర్వీసు దాకా 1/250, అంతకంటే తక్కువతో కెమెరాను హాయిగా వాడుకోవచ్చు.

ఫ్లాష్ వెలిగింది, కానీ ఫ్రేమ్ మొత్తం చీకటి.

పాత రోలైఫ్లెక్స్‌ల్లో, ఆర్‌బి67 లెన్సుల మీద ఎం, ఎక్స్ అని చిన్న మీట ఉంటుంది. ఎం అనేది పాతకాలపు ఫ్లాష్ బల్బుల కోసం. బల్బు పూర్తిగా వెలగడానికి కొంచెం టైమ్ పడుతుంది కాబట్టి షట్టర్ ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ ఈలోపే వెలిగి ఆరిపోతుంది. మీటను ఎక్స్ మీదికి మార్చండి.

లెన్సులో షట్టర్ రెక్క ఒకటి ఇరుక్కుంటే ఫోటోలో ఒక మూల నల్లగా వస్తుందా?

రాదు. ఆ రెక్కలు అపెర్చర్ (లెన్సులో వెలుతురు పోయే రంధ్రం) పక్కనే ఉంటాయి. అక్కడ ఏం అడ్డుపడినా ఫ్రేమ్ మొత్తానికి వెలుతురు తగ్గుతుంది తప్ప ఒక మూలకు నీడ పడదు. మూల నల్లగా ఉందని లెన్సు విప్పించుకుని డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

యాషికా మ్యాట్‌లో వ్యూఫైండర్‌లో అంతా బాగానే కనిపించింది. ఫోటోలో మాత్రం కింద నల్లటి ముద్ద.

మీరు చూసేది పై లెన్సులోంచి, ఫోటో తీసేది కింది లెన్సు. కింది లెన్సుకు ఏది అడ్డొచ్చినా మీకు కనిపించదు. వేలు, మెడ పట్టీ, చీర కొంగు, అన్నిటికంటే ఎక్కువగా తోలు కేసు ముందు మూత. కేసు సగం విప్పి వేలాడదీసి తీసేవాళ్లకు ఇది తప్పదు. మూత పూర్తిగా విడదీసే వీలుంటే విడదీసి జేబులో పెట్టుకోండి. నీడ అంచు మసకగా ఉండి, ఒక ఫోటోలో పెద్దగా, ఇంకోదాంట్లో చిన్నగా, మరోదాంట్లో అసలు లేకుండా ఉంటే ఇదేనని దాదాపు ఖాయం.

నాలుగు మూలలూ నల్లగా వస్తున్నాయి.

హుడ్ (లెన్సు ముందు తగిలించే నీడ గొట్టం), ఫిల్టర్లు తీసేసి ఒక ఫోటో, పెట్టి ఒక ఫోటో తీసి పోల్చండి. 80 ఎంఎం లెన్సు హుడ్‌ను 50 ఎంఎం మీద పెడితే మూలలు కోసుకుపోతాయి. రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి బిగించినా అంతే. హుడ్ వల్ల వచ్చే చీకటి ఎఫ్ 16, 22 దగ్గర అంచు తేరి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. లెన్సు సహజ స్వభావం వల్ల వచ్చేదైతే ఎఫ్ 8, 11 దాకా తగ్గించేసరికి చాలావరకు సర్దుకుంటుంది.

చింతపల్లి బీచ్‌లో వైడ్ లెన్సుకు పోలరైజర్ ఫిల్టర్ పెట్టి తీస్తే ఆకాశం మధ్యలో ఒక ముదురు పట్టీ వస్తుంది, అటూ ఇటూ తేటగా ఉంటుంది. ఇది కూడా "నల్లటి భాగం" అంటూ నా దగ్గరికి వస్తుంది. సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఆకాశపు వెలుగు ఎక్కువ పోలరైజ్ అవుతుంది. వైడ్ లెన్సు ఆ దిశనూ, దాని పక్కలనూ ఒకే ఫ్రేములో ఇరికిస్తుంది కాబట్టి తేడా బయటపడుతుంది. పోలరైజర్ తిప్పి తగ్గించుకోండి, లేదా తీసేయండి.

రోలు మొత్తం ఒకే అంచు పల్చగా ఉంది. ఇంట్లోనే కడిగాను.

ఫిల్ము కడిగే ట్యాంకులో ఎంత డెవలపర్ పోశారు? పాటర్సన్ ట్యాంకు అడుగున రాసే ఉంటుంది: 35 ఎంఎం రీలుకు 290 మి.లీ., 120 రీలుకు 500 మి.లీ. 35 ఎంఎం అలవాటున్న చేయి 300 పోసి ఆపేస్తుంది. 120 ఫిల్ము వెడల్పు 6 సెంటీమీటర్ల పైన. కింది భాగం మునుగుతుంది, పై అంచుకు ట్యాంకు తలకిందులు చేసినప్పుడు మాత్రమే డెవలపర్ తగులుతుంది. ఆ అంచు పొడవునా నెగటివ్ పల్చబడి, ప్రతి ఫోటోలోనూ ఒకే పక్క చీకటవుతుంది. యాషికా మ్యాట్, హాసెల్‌బ్లాడ్‌లో ఫిల్ము నిలువుగా నడుస్తుంది కాబట్టి ఫోటోలో అది కుడి లేదా ఎడమ పక్క. పెంటాక్స్ 67లో ఫిల్ము పక్కకు నడుస్తుంది, అందుకని పైనో కిందో.

సరిపడా పోసినా ఇలా వస్తే రీలు కాలమ్ (మధ్య గొట్టం) మీద పైకి జారిందేమో చూడండి. పెద్ద ట్యాంకులో ఒక్క రీలే వేసి క్లిప్ పెట్టకపోతే తలకిందులు చేసినప్పుడు అది పైకి జరిగి అక్కడే ఉండిపోతుంది.

మన ఎండల సంగతి వేరే చెప్పాలి. 20 డిగ్రీల లెక్కతో రాసిన టైమ్‌లు మే నెలలో మన కుళాయి నీళ్లకు పనికిరావు. నీళ్లు 30 దాటితే టైమ్ బాగా కుదించాల్సి వస్తుంది. 5 నిమిషాల కంటే తక్కువలో కడిగితే డెవలపర్ ముందు తగిలిన చోటుకు, తర్వాత తగిలిన చోటుకు తేడా మిగిలిపోతుంది, ఆకాశంలో చారలు, మబ్బు మచ్చలు కనిపిస్తాయి. డెవలపర్ సీసాను ఐస్ ముక్కలు వేసిన బకెట్‌లో నిలబెట్టి 24 డిగ్రీలకైనా దించి, ఆ టెంపరేచర్‌కు తగ్గ టైమ్ చూసుకోండి. ఐస్ నేరుగా డెవలపర్‌లో వేయొద్దు, పలచబడుతుంది.

చిన్న గుండ్రటి నల్ల చుక్కలు, అర్ధచంద్రం గుర్తులు కూడా ఉన్నాయి.

నెగటివ్‌లో ఖాళీగా ఉన్న గుండ్రటి చుక్కలు గాలి బుడగలవి. డెవలపర్ పోయగానే ట్యాంకును బల్ల మీద నాలుగైదు సార్లు గట్టిగా తట్టండి. అర్ధచంద్రాలు చీకట్లో రీలుకు ఎక్కించేటప్పుడు ఫిల్ము మడత పడ్డ చోట్లు. 120 ఫిల్ము వెడల్పు ఎక్కువ, పల్చన, ఊరికే మడత పడుతుంది. ఆ గుర్తు నెగటివ్‌లో నల్లగానూ రావచ్చు, ఖాళీగానూ రావచ్చు.

రీలులో రెండు చుట్లు ఒకదానికొకటి అంటుకుపోతే అక్కడ డెవలపరూ చేరదు, హైపో (బొమ్మను స్థిరపరిచే రసాయనం) కూడా చేరదు. పాలలాంటి తెల్లటి మచ్చ మిగులుతుంది. మళ్లీ హైపోలో వేస్తే మచ్చ పోతుంది, కానీ దాని కింద బొమ్మ ఉండదు. ఆ చోటు ప్రింట్‌లో నల్లగానే వస్తుంది.

ఆకాశంలో మచ్చలు, వాటి మధ్య అంకెలు కూడా కనిపిస్తున్నాయి!

దెయ్యం కాదు. 120 ఫిల్ము వెనక కాగితం మీద ముద్రించిన ఫ్రేమ్ నంబర్లు అవి. వేడి, తేమ ఎక్కువైతే ఆ సిరా గుర్తులు ఫిల్ము మీదికి దిగుతాయి. 2016 ప్రాంతంలో కోడాక్ అలారిస్ కొన్ని బ్యాచ్‌ల 120 ఫిల్ములో ఈ సమస్యను ఒప్పుకుని, తర్వాత కాగితం మార్చింది. మన తీరం వైపు వానాకాలంలో తేమ గురించి తెలిసిందే. గడువు దాటిన ఫిల్ము చవగ్గా వచ్చిందని కొనేవాళ్లు ఈ ప్రమాదం లెక్కలో పెట్టుకోవాలి. ఫిల్మును సీలు తీయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా, ఒక గంటైనా, కవరు చించొద్దు. చల్లటి ఫిల్ము మీద తేమ పడితే అదో కొత్త మచ్చ. తీసిన రోలును నెలల తరబడి కెమెరాలోనో బ్యాగులోనో ఉంచడం అన్నిటికంటే చెడ్డది.

నెగటివ్ బాగుంది. లైట్ ప్యానెల్ మీద పెట్టి డిజిటల్ కెమెరాతో స్కాన్ చేస్తే మధ్యలో నల్లగా, మూలలు తెల్లగా వస్తోంది.

మీ ప్యానెల్ మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా వెలుగుతోంది. లేదా స్కాన్ చేసే లెన్సు మూలల్లో చీకటి పడుతోంది. నెగటివ్‌ను పాజిటివ్‌గా తిప్పగానే లెక్క తారుమారవుతుంది: ఎక్కువ వెలుగున్న మధ్య భాగం నల్లబడుతుంది. నెగటివ్ తీసేసి ఖాళీ ప్యానెల్‌ను అదే సెట్టింగులతో ఒక ఫోటో తీస్తే ఎంత తేడా ఉందో తెలిసిపోతుంది. లెన్సును ఎఫ్ 8 దగ్గర పెట్టండి, ప్యానెల్ నుంచి నెగటివ్‌ను కాస్త ఎత్తులో ఉంచి మధ్యలో పాల రంగు యాక్రిలిక్ ముక్క వేయండి. ప్యానెల్ పెద్దదైతే నెగటివ్‌ను నడిమధ్యలోనే పెట్టండి.

ఫోటో నొక్కగానే వ్యూఫైండర్ నల్లబడిపోయింది, ఇదేటిది?

హాసెల్‌బ్లాడ్ 500, ఆర్‌బి67లో అద్దం తనంతట తాను కిందికి రాదు. హాసెల్‌బ్లాడ్‌లో మళ్లీ వైండ్ చేస్తే, ఆర్‌బి67లో బాడీ పక్కనున్న కాకింగ్ మీట తిప్పితే వస్తుంది. ఫిల్ముకు ఏం కాలేదు.

నాది డిజిటల్ మీడియం ఫార్మాట్. కల్యాణ మండపంలో ఫోటోలకు అడ్డంగా నల్ల చారలు పడుతున్నాయి.

ఎలక్ట్రానిక్ షట్టర్ ఆన్‌లో ఉందేమో చూడండి. పెద్ద సెన్సర్‌ను వరుస వరుసగా చదవడానికి టైమ్ పడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, దానితో నడిచే చవక ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. మినుకు తగ్గిన క్షణంలో చదివిన వరుసలు చారలవుతాయి. మెకానికల్ షట్టర్‌కు మార్చి 1/50 లేదా 1/100 వాడండి. పాత 35 ఎంఎం లెన్సులు అడాప్టర్‌తో ఫుజీ జిఎఫ్ఎక్స్ కెమెరాకు పెట్టి మూలలు నల్లగా వస్తున్నాయంటే అది లోపం కాదు. ఆ సెన్సర్ 43.8×32.9 ఎంఎం, లెన్సు చేసింది 36×24 కోసం. ఎఫ్ 16 దాటాక కనిపించే చిన్న మసక చుక్కలు సెన్సర్ మీద దుమ్ము.

ఫిల్ము వృథా కాకుండా పరీక్షించడం ఎలా? మెకానిక్‌కు పంపితే ఏం రాసి పంపాలి?

కెమెరా ఖాళీగా ఉన్నప్పుడు వెనక మూత తెరిచి, ఫిల్ము ఉండే చోట బటర్ పేపర్ ముక్క బిగువుగా అంటించండి. ట్రైపాడ్ మీద పెట్టి, లెన్సు పూర్తిగా తెరిచి, బి మీద నొక్కి పట్టుకుని తెల్ల గోడ వైపు చూపండి. బొమ్మ తలకిందులుగా కాగితం మీద పడుతుంది, నీడ ఉంటే అక్కడే కనిపిస్తుంది. కాగితం తీసేసి, గేటు నాలుగు మూలల నుంచి ఒక్కో కన్నుతో లెన్సు వైపు చూడండి. ప్రతి మూల నుంచీ లెన్సు వెనక భాగం నిండుగా కనిపించాలి. ఊడిన నల్లటి ఫోమ్ ముక్క, వాలిపోయిన బెల్లోస్ మడత ఇలా చూస్తేనే బయటపడతాయి.

దీంతో తేలకపోతే ఒక నలుపు తెలుపు రోలు బలివ్వక తప్పదు. మబ్బు ఆకాశాన్నే తీయండి, ఒక్కో ఫ్రేముకు ఒక్కటే మార్చండి: స్పీడు, తర్వాత లెన్సు, తర్వాత మ్యాగజైన్. మ్యాగజైన్లు రెండుంటే వాటి మీద టేపుతో గుర్తులు పెట్టుకోండి. రెండిట్లోనూ నీడ వస్తే బాడీనో లెన్సో అనుమానించాలి, ఒక దాంట్లోనే వస్తే ఆ మ్యాగజైన్ మాత్రమే పంపితే చాలు, ఖర్చూ తగ్గుతుంది.

మెకానిక్‌కు "ఫోటోలు నల్లగా వస్తున్నాయి" అని రాస్తే ఆయన చేయగలిగింది తక్కువ. నీడ నిలబెట్టి చూసిన ఫోటోలో ఏ పక్క ఉంది, అంచు పదునా మసకా, ఏ స్పీడుల్లో వస్తోంది, ఏ స్పీడుల్లో రావట్లేదు, ఏ లెన్సు, ఏ మ్యాగజైన్ వాడారు, ఫ్లాష్ ఉందా అన్నవి తెలుగులోనే అయినా సరే ఒక కాగితం మీద రాయండి. నెగటివ్ పంపడం ఇష్టం లేకపోతే లైట్ ప్యానెల్ మీద పెట్టి, ఫ్రేమ్ అంచులు, పక్క ఫ్రేము కొంత కనిపించేలా ఫోన్‌తో తీసి జత చేయండి. కెమెరాలో ఫిల్ము లేదని చూసుకున్నాకే డబ్బా మూయండి. హాసెల్‌బ్లాడ్ అయితే లెన్సు, బాడీ రెండూ వైండ్ చేసే పంపాలి, లేకపోతే అవతల లెన్సు ఊడదీయడానికే తంటాలు పడాలి.